మైక్రోసాఫ్ట్ 365 అమ్మే రీసెల్లర్లకి: కస్టమర్ల లైసెన్సులు, టోకెన్లు వరసగా ఎలా చూసుకోవాలి

ఈమధ్య ఫోన్ చేసేవాళ్ళు తిప్పి తిప్పి మూడే అడుగుతున్నారు. "అన్నా, సీట్లు తగ్గిద్దామంటే తగ్గట్లేదు." "కస్టమర్ డబ్బు కట్టలేదని సస్పెండ్ చేశా, అయినా నాకు బిల్లు వచ్చింది." "రాత్రి బ్యాకప్ ఆగిపోయింది, ఏదో సీక్రెట్ ఎక్స్‌పైర్ అయిందంటోంది." మూడింటికీ విడివిడిగా జవాబు చెప్పొచ్చు గానీ రేపు నాలుగోది వస్తుంది, అందుకే మొదటినుంచీ వరసగా రాస్తున్నాను.

డిస్ట్రిబ్యూటర్ దగ్గర కొని కింద కస్టమర్లకి సీఎస్పీ పద్ధతిలో (మైక్రోసాఫ్ట్ క్లౌడ్ సర్వీసుల్ని పార్ట్‌నర్ల ద్వారా అమ్మే కార్యక్రమం) మైక్రోసాఫ్ట్ 365 అమ్మే చిన్న షాపుల్ని దృష్టిలో పెట్టుకుని రాశాను. ఇద్దరు ముగ్గురు టెక్నీషియన్లు, పది నుంచి ఎనభై మంది కస్టమర్లు, ఎక్కువమంది హాస్పిటళ్ళు, కాలేజీలు, ఆడిటర్ ఆఫీసులు, చిన్న ఫ్యాక్టరీలు అనుకోండి. డైరెక్ట్‌గా పార్ట్‌నర్ సెంటర్‌లో (మైక్రోసాఫ్ట్ తన పార్ట్‌నర్లకి ఇచ్చే పోర్టల్) బిల్లింగ్ ఉన్నవాళ్ళకి కూడా దాదాపు అంతా ఇదే.

1. లైసెన్సు వేరు, యాక్సెస్ వేరు

చాలామంది ఇక్కడే కలిపేస్తారు. కస్టమర్ మన దగ్గర లైసెన్సు కొన్నాడంటే అది రీసెల్లర్ సంబంధం. కస్టమర్ టెనెంట్ (మైక్రోసాఫ్ట్ క్లౌడ్‌లో ఆ సంస్థకి విడిగా ఉండే చోటు) లోపలికి వెళ్ళి యూజర్లని ముట్టుకునే అధికారం ఇంకో సంబంధం, దాని పేరు జీడ్యాప్, కస్టమర్ ఒప్పుకున్న పనులకి, ఒప్పుకున్న కాలానికే ఉండేది. ఒకటి తీసేస్తే రెండోది దానంతటది పోదు. కస్టమర్ వేరే వాళ్ళ దగ్గర కొనడం మొదలుపెట్టినా మీ జీడ్యాప్ అలాగే ఉండొచ్చు, జీడ్యాప్ గడువు అయిపోయినా లైసెన్సు బిల్లు మీకే వస్తూ ఉండొచ్చు.

ఇంకోటి, పార్ట్‌నర్ సెంటర్ నుంచి లైసెన్సు కొనడానికి జీడ్యాప్ అక్కర్లేదు. కాబట్టి కస్టమర్ "మీకు మా సిస్టం లోపలికి యాక్సెస్ ఇవ్వం, లైసెన్సులు మాత్రం ఇవ్వండి" అంటే అది కుదురుతుంది, సందేహం లేకుండా సరే అనండి. అడగకుండానే గ్లోబల్ అడ్మిన్ (టెనెంట్‌లో అన్ని అధికారాలూ ఉండే రోల్) తీసుకుని కూర్చునే అలవాటు మనవాళ్ళలో ఉంది, ఆ అలవాటు మానాలనే నేను ఇంత పొడుగు రాస్తున్నాను.

2. పోర్టల్ ముట్టుకునే ముందు రిజిస్టర్

పోర్టల్లో అన్నీ కనపడతాయి కదా రిజిస్టర్ ఎందుకు అంటారు. ఏ తేదీకి ఏం చచ్చిపోతుందో అన్ని కస్టమర్లదీ ఒకచోట పోర్టల్ చూపించదు. ఒక షీట్ చాలు, ఒక్కో వరసలో ఒక్కో వస్తువు. వస్తువు అంటే సబ్‌స్క్రిప్షన్ కావచ్చు, జీడ్యాప్ కావచ్చు, యాప్ సీక్రెట్ (యాప్‌కి ఉండే పాస్‌వర్డ్), సర్టిఫికెట్, డొమైన్ కావచ్చు, ఏదైనా సరే గడువు ఉన్న ప్రతిదీ.

ఉండాల్సిన గడులు:

- కస్టమర్ పేరు, టెనెంట్ ఐడీ
- వస్తువు ఏంటి
- ఎవరి పేరు మీద ఉంది: కస్టమర్‌దా, మనదా
- మొదలైన తేదీ, ముగిసే తేదీ
- ఎన్ని సీట్లు కొన్నాం, ఎన్ని వాడుతున్నారు
- ఆటో రెన్యువల్ ఉందా లేదా
- మన వైపు బాధ్యత ఎవరిది (మనిషి పేరు, "టీమ్" అని రాయొద్దు)
- కస్టమర్ వైపు ఎవరిని అడగాలి

ఈ షీట్లో పాస్‌వర్డ్ గానీ సీక్రెట్ గానీ ఒక్కటి కూడా రాయకూడదు. అవి బిట్‌వార్డెన్, కీపాస్ లాంటి పాస్‌వర్డ్ మేనేజర్‌లోనో, సీక్రెట్లు దాచే మైక్రోసాఫ్ట్ సర్వీసు అజూర్ కీ వాల్ట్‌లోనో ఉండాలి. షీట్లో "కీ వాల్ట్‌లో ఫలానా పేరుతో ఉంది" అని మాత్రమే రాయండి. వాట్సాప్ గ్రూప్‌లో పాస్‌వర్డ్ పెట్టి, తర్వాత "డిలీట్ ఫర్ ఎవ్రీవన్" కొట్టేసి ఊపిరి పీల్చుకునేవాళ్ళు, అప్పటికే దాన్ని ఇంకొకరు ఫార్వర్డ్ చేసి ఉండొచ్చని గుర్తుపెట్టుకోండి.

3. కొత్త కస్టమర్ని ఎక్కించే వరస

ఈ వరస తప్పితే తర్వాత సరిచేయడం చాలా కష్టం, కొన్నైతే అసలు కుదరవు.

మొదట ఆ డొమైన్ మీద ఇప్పటికే టెనెంట్ ఉందేమో చూడండి. ఆఫీసులో ఎవరో ఒకరు ఎప్పుడో ఆఫీసు మెయిల్‌తో టీమ్సో పవర్ బీఐయో ఫ్రీగా తీసుకుని ఉంటారు, దాంతో అడ్మిన్ లేని టెనెంట్ ఒకటి పుట్టి ఉంటుంది. మీరు కొత్తది తెరిచి డొమైన్ కలపబోతే "ఈ డొమైన్ వేరేచోట ఉంది" అని ఆగిపోతుంది. అప్పుడు డీఎన్ఎస్‌లో (డొమైన్ సెట్టింగులు ఉండే చోటు) టీఎక్స్‌టీ రికార్డు పెట్టి, డొమైన్ కస్టమర్‌దేనని రుజువు చేసి, ఆ పాతదాన్ని అడ్మిన్‌గా స్వాధీనం చేసుకోవాలి. ఇది మైగ్రేషన్ రోజు రాత్రి పదకొండింటికి తెలిస్తే ఏడుపొస్తుంది, కొటేషన్ ఇచ్చేముందే చూసుకోండి.

రెండోది, కొత్త టెనెంట్ తెరిచేటప్పుడు దేశం సరిగ్గా పెట్టండి. తర్వాత మార్చడం కుదరదు, మళ్ళీ కొత్త టెనెంటే. వేరే దేశంలో ఆఫీసు ఉండి ఇక్కడ బ్రాంచి ఉన్న కస్టమర్ అయితే ఏది కావాలో వాళ్ళనే రాతపూర్వకంగా చెప్పమనండి.

మూడోది, టెనెంట్ తెరవగానే వచ్చే మొదటి అడ్మిన్ పాస్‌వర్డ్. అది కస్టమర్‌ది, మనది కాదు. వాళ్ళ ఎదురుగా కూర్చుని పాస్‌వర్డ్ మార్పించి, వాళ్ళ ఫోన్లో ఆథెంటికేటర్ పెట్టించి రండి. దాంతోపాటు అత్యవసరానికి రెండు గ్లోబల్ అడ్మిన్ ఖాతాలు, ఆన్‌మైక్రోసాఫ్ట్ చిరునామాతో (టెనెంట్‌తోపాటే వచ్చే onmicrosoft.com పేరు), రోజూ వాడనివి, సెక్యూరిటీ కీతో పెట్టి ఆ కీలు యజమాని బీరువాలో ఉంచమనండి. ఇప్పుడు అడ్మిన్ పోర్టల్స్‌లోకి వెళ్ళాలంటే అందరికీ ఎంఎఫ్ఏ (పాస్‌వర్డ్‌తోపాటు ఇంకో రుజువు అడిగే పద్ధతి) తప్పనిసరి, అత్యవసర ఖాతాకి కూడా మినహాయింపు లేదు. అందుకే ఒట్టి పాస్‌వర్డ్ కవర్లో పెట్టి సీలు వేసే పాత పద్ధతి ఇక పనికిరాదు.

సంతకం చేయించే ముందు:

- డొమైన్ కస్టమర్ పేరు మీదే ఉందా (మన పేరు మీద ఉంటే ముందు మార్చేయండి)
- కస్టమర్ అగ్రిమెంట్‌కి ఎవరు ఒప్పుకున్నారు, పేరు, తేదీ మన దగ్గర ఉందా
- జీఎస్టీ నంబర్, బిల్లింగ్ చిరునామా సరిపోయాయా
- ఏ ప్లాన్, ఎంత కాలం, తగ్గించడం ఎప్పుడు కుదురుతుంది అనేది తెలుగులో రాసిన ఒక పేజీ కస్టమర్ చదివి సంతకం పెట్టాడా

ఆ చివరి పేజీ మిమ్మల్ని కాపాడుతుంది. పైన ఉన్న అగ్రిమెంట్ ఇంగ్లీషులో ఉంటుంది, దాన్ని ఎవరూ చదవరు.

4. నెలవారీనా, ఏడాదా

ధర లెక్క ముందు అర్థం చేసుకుంటే కస్టమర్‌కి మంచి సలహా ఇవ్వగలం. ఒక సీటు ఏడాదికి ఒప్పుకుని ముందే మొత్తం కడితే నెలకి 100 రూపాయలు పడుతుంది అనుకోండి. అదే ఏడాది ఒప్పందం మీద నెలనెలా కడితే 2025 ఏప్రిల్ నుంచి 5 శాతం ఎక్కువ, అంటే 105. ఏ నెలకానెల వదిలేసుకునే నెలవారీ టర్మ్ అయితే సుమారు 20 శాతం ఎక్కువ, 120.

ఇక్కడ తప్పు ఎక్కడ జరుగుతుందంటే "నెలనెలా కడుతున్నాను కాబట్టి ఎప్పుడైనా ఆపొచ్చు" అని కస్టమర్ అనుకుంటాడు. ఏడాది ఒప్పందం నెలవారీ బిల్లు అంటే అది ఈఎంఐ లాంటిది, మధ్యలో ఆపడం లేదు. ఈ ఒక్క వాక్యం ప్రతి కస్టమర్‌కీ నోటితో చెప్పండి.

ఐటీ రిటర్న్‌ల సీజన్‌కి ఎనిమిది మందిని మూడు నెలలకి పెట్టుకునే ఆడిటర్ ఆఫీసు ఉంది అనుకుందాం. ఆ ఎనిమిది సీట్లు ఏడాదికి తీస్తే 9,600. నెలవారీ టర్మ్‌లో మూడు నెలలు తీస్తే 2,880. అదే ఒక సీటు 10 నెలలు దాటి కావాల్సి ఉంటే ఏడాదిదే చవక, ఎందుకంటే 120 చొప్పున 10 నెలలకే 1,200 అయిపోతుంది. కాబట్టి శాశ్వత ఉద్యోగులకి ఒక ఏడాది సబ్‌స్క్రిప్షన్, సీజన్ వాళ్ళకి విడిగా ఇంకో నెలవారీ సబ్‌స్క్రిప్షన్, ఇలా రెండు పెట్టండి. ఒకే ప్లాన్‌కి రెండు సబ్‌స్క్రిప్షన్లు ఉండొచ్చు, తప్పేం లేదు.

బిజినెస్ బేసిక్, స్టాండర్డ్, ప్రీమియం ప్లాన్లకి ఒక్కోదానికి 300 యూజర్ల పరిమితి ఉంది, 280 దగ్గర ఉన్న కాలేజీకి ఇది ముందే చెప్పాలి.

5. 7 రోజుల గడువు, రెన్యువల్ తేదీ

సీట్లు ఎందుకు తగ్గట్లేదు అనే ప్రశ్నకి జవాబు ఇది. సీట్లు ఎప్పుడైనా పెంచొచ్చు. తగ్గించాలన్నా రద్దు చేయాలన్నా కొన్న లేదా రెన్యువల్ అయిన 7 రోజుల్లోపే, అంటే 168 గంటలు. వాడిన రోజులకి పట్టుకుని మిగతాది వెనక్కిస్తారు. ఆ తర్వాత టర్మ్ అయ్యేదాకా ఆ సంఖ్య అలాగే ఉంటుంది. మధ్యలో కొత్తగా కలిపిన సీట్లకి వాటి 7 రోజులు వాటికి ఉంటాయి.

గంటలు లెక్కలో ఉంటాయి కాబట్టి ఏడో రోజు సాయంత్రం చూద్దాంలే అనుకోవద్దు. డిస్ట్రిబ్యూటర్ పోర్టల్ ద్వారా చేస్తే వాళ్ళ వైపు ఆలస్యం కూడా కలుస్తుంది, పైగా ఆదివారం పడితే ఎవరూ ఎత్తరు. నేను ఐదో రోజుని ఆఖరి రోజుగా పెట్టుకున్నాను.

ఇది నేర్చుకోడానికి నాకు ఒక హాస్పిటల్ ఖాతా పట్టింది. 40 సీట్లు ఏడాదికి ఉన్నాయి, ఆ ఏడాదిలో ఒక బ్రాంచి మూసేశారు, వాడేవాళ్ళు 26 మంది. ఆటో రెన్యువల్ మామూలుగా ఆన్‌లోనే ఉంటుంది కదా, 40కే రెన్యువల్ అయిపోయింది, నేను చూసింది తొమ్మిదో రోజు. ఆ 14 సీట్ల డబ్బు కస్టమర్‌ని అడగలేకపోయాను, ఎందుకంటే గుర్తుచేయాల్సింది నేనే. ఏడాదంతా నేనే కట్టాను.

అప్పటినుంచి పాటిస్తున్న వరస:

- 45 రోజుల ముందు: వాడుతున్న సీట్ల లిస్టు కస్టమర్‌కి పంపడం, ఎవరి పేర్లు తీసేయాలో రాయమనడం
- 30 రోజుల ముందు: జవాబు రాకపోతే ఫోన్, మాట్లాడాక అదే విషయం మెయిల్‌లో
- 15 రోజుల ముందు: పోర్టల్లో రెన్యువల్‌కి మార్పు షెడ్యూల్ చేయడం, సీట్లు, టర్మ్, ప్లాన్ మూడూ అక్కడే మార్చుకోవచ్చు
- 3 రోజుల ముందు: షెడ్యూల్ అలాగే ఉందా అని ఇంకోసారి చూడటం
- రెన్యువల్ అయిన మర్నాడు: సంఖ్య సరిపోయిందా, లేకపోతే 7 రోజుల్లో సరిచేయడం

ఆటో రెన్యువల్ ఆపేసి పెట్టుకోవచ్చు కదా అంటారు. నాకది ఇష్టం లేదు. మర్చిపోతే ఎక్కువ సీట్లకి డబ్బు పోవడం ఒక నష్టం, మర్చిపోతే హాస్పిటల్‌కి మెయిల్ ఆగిపోవడం ఇంకా పెద్ద నష్టం.

ఒకే కస్టమర్‌కి నాలుగు సబ్‌స్క్రిప్షన్లు నాలుగు తేదీల్లో ఉంటే కొత్తది కొనేటప్పుడే ముగింపు తేదీని పాతదాంతో కలిపేయండి, ఆ సౌకర్యం ఉంది. నాలుగుసార్లు చేసే పని ఒకసారికి వస్తుంది.

6. జీడ్యాప్: ఎంత కావాలో అంతే

జీడ్యాప్ శాశ్వతం కాదు. ఎక్కువలో ఎక్కువ 730 రోజులు. ఆటో ఎక్స్‌టెండ్ పెడితే 6 నెలల చొప్పున పెరుగుతుంది గానీ, ఆ సంబంధంలో గ్లోబల్ అడ్మినిస్ట్రేటర్ రోల్ ఉంటే ఆటో ఎక్స్‌టెండ్ పనిచేయదు. గ్లోబల్ అడ్మిన్ అడక్కుండా ఉండటానికి ఇదొక్క కారణం చాలు.

చేసే వరస:

మన టెనెంట్‌లో ముందు సెక్యూరిటీ గ్రూపులు తయారుచేసుకోండి. నేను మూడు పెట్టాను. మొదటిది చూసేవాళ్ళు, వాళ్ళకి గ్లోబల్ రీడర్. రెండోది హెల్ప్‌డెస్క్, వాళ్ళకి లైసెన్స్ అడ్మినిస్ట్రేటర్, యూజర్ అడ్మినిస్ట్రేటర్, సర్వీస్ సపోర్ట్ అడ్మినిస్ట్రేటర్. ఈ సర్వీస్ సపోర్ట్ లేకపోతే కస్టమర్ తరపున మైక్రోసాఫ్ట్‌కి టికెట్ పెట్టలేం, చాలామంది దీన్ని వదిలేస్తారు. మూడోది సీనియర్లు, ఎక్స్ఛేంజ్ అడ్మినిస్ట్రేటర్ లాంటివి, అదీ పని ఉన్నప్పుడు మాత్రమే గంటల లెక్కన తీసుకునేలా.

తర్వాత పార్ట్‌నర్ సెంటర్‌లో రోల్స్ ఎంచుకుని రిక్వెస్ట్ లింక్ తీసి కస్టమర్ గ్లోబల్ అడ్మిన్‌కి పంపండి. ఏ రోల్ ఎందుకు అడుగుతున్నామో మెయిల్‌లో రెండు ముక్కల్లో రాయండి, లేకపోతే చదివేవాళ్ళు ఏదో స్పామ్ అనుకుంటారు.

వాళ్ళు అప్రూవ్ చేశాక పని అయిపోలేదు. రోల్స్‌ని మన సెక్యూరిటీ గ్రూపులకి కలపాలి. "అప్రూవ్ అయింది అన్నా, అయినా యాక్సెస్ డినైడ్ అంటోంది" అని వచ్చే ఫోన్లలో ఎక్కువ భాగం ఈ మెట్టు మర్చిపోయినవే.

ముగిసే తేదీని వెంటనే రిజిస్టర్‌లో వేసి, 60 రోజుల ముందు గుర్తుచేసేలా పెట్టండి.

7. టోకెన్లు: ఏది ఎంతసేపు బతుకుతుంది

ఇది కాస్త నిదానంగా చదవండి, చాలా సమస్యలు ఇది తెలియకే వస్తాయి.

టోకెన్ అంటే సైన్ ఇన్ అయ్యాక యాప్ చేతికి వచ్చే అనుమతి చీటీ. యాక్సెస్ టోకెన్ అంటే సినిమా టికెట్ లాంటిది, ఆ ఆటకే. మామూలుగా 60 నుంచి 90 నిమిషాలు. రిఫ్రెష్ టోకెన్ చూపించి కొత్త యాక్సెస్ టోకెన్ తెచ్చుకోవచ్చు, అది 90 రోజులు. క్లయింట్ సీక్రెట్ అంటే యాప్‌కి ఉండే పాస్‌వర్డ్, పోర్టల్లో పెడితే గరిష్టం 24 నెలలు.

మన బిల్లింగ్ స్క్రిప్టు, బ్యాకప్ సాఫ్ట్‌వేర్, మానిటరింగ్, ఇవన్నీ ఏదో ఒక టోకెన్ మీద నడుస్తుంటాయి. అక్కడ చూసే తప్పులు:

మనిషి ఖాతాతో టోకెన్ తీయడం. మా దగ్గర ఒక టెక్నీషియన్ తన సొంత లాగిన్‌తో కన్సెంట్ (యాప్‌కి అనుమతి) ఇచ్చి స్క్రిప్టు నడిపించాడు. అతను మానేశాడు, పద్ధతి ప్రకారం అతని ఖాతా ఆపేశాం, ఆ రాత్రి నుంచి పదకొండు మంది కస్టమర్ల రిపోర్టులు ఆగిపోయాయి. తప్పు అతనిది కాదు, అలా చేయకూడదని చెప్పే కాగితం మా దగ్గర లేదు. దానికోసం మన టెనెంట్‌లో విడిగా ఒక సర్వీస్ ఖాతా పెట్టి, ఎంఎఫ్ఏతో సైన్ ఇన్ అయి కన్సెంట్ ఇచ్చి, వచ్చిన రిఫ్రెష్ టోకెన్ని కీ వాల్ట్‌లో పెట్టండి. ఎంఎఫ్ఏ లేకుండా తీసిన టోకెన్ అయితే 50076 అనే ఎర్రర్ వస్తుంది.

రెండో తప్పు, కొత్త రిఫ్రెష్ టోకెన్ని దాచకపోవడం. వాడిన ప్రతిసారీ కొత్త రిఫ్రెష్ టోకెన్ కూడా వస్తుంది, స్క్రిప్టు దాన్ని పాతదాని స్థానంలో దాచాలి. దాచకపోతే 89 రోజులు బ్రహ్మాండంగా నడిచి తర్వాత ఒకరోజు కారణం లేకుండా ఆగినట్టు కనిపిస్తుంది.

మూడోది, సీక్రెట్ తయారుచేసినప్పుడు వాల్యూ బదులు సీక్రెట్ ఐడీ కాపీ చేసుకోవడం. వాల్యూ ఒక్కసారే కనిపిస్తుంది, పేజీ మారితే ఇక చూడలేం. 7000215 ఎర్రర్ వస్తే ముందు ఇదే అనుమానించండి. 7000222 అయితే సీక్రెట్ గడువు అయిపోయింది. 700082 అయితే రిఫ్రెష్ టోకెన్ వాడకుండా ఉండి చచ్చిపోయింది, మళ్ళీ సైన్ ఇన్ అవ్వాలి.

నాలుగోది అన్నిటికంటే ప్రమాదం: ఒకే యాప్‌కి అన్ని కస్టమర్లలో అన్ని పర్మిషన్లు. కస్టమర్ అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ నుంచి ఇన్‌వాయిస్ మెయిల్ పోవాలని మెయిల్ సెండ్ అప్లికేషన్ పర్మిషన్ ఇచ్చేస్తారు. దానికి హద్దు పెట్టకపోతే ఆ యాప్ ఆ కంపెనీలో ఎవరి పేరు మీదైనా, ఎండీ పేరు మీద కూడా, మెయిల్ పంపగలదు. ఎక్స్ఛేంజ్‌లో అప్లికేషన్లకి రోల్ ఇచ్చే పద్ధతి ఉంది, దాంతో అకౌంట్స్ మెయిల్‌బాక్స్ ఒక్కదానికే పరిమితం చేయండి. ఇలాంటి యాప్ కస్టమర్ టెనెంట్‌లోనే, వాళ్ళ పేరు మీదే రిజిస్టర్ చేయండి. మనం వెళ్ళిపోయినా వాళ్ళ ఇన్‌వాయిస్‌లు ఆగకూడదు.

8. పని ఆగకుండా సీక్రెట్ మార్చడం

ఒక యాప్‌కి ఒకే సమయంలో రెండు సీక్రెట్లు ఉండొచ్చు. ఇది తెలియక పాతది తీసేసి కొత్తది పెట్టి మధ్యలో గంట సేపు అన్నీ ఆపుకుంటారు.

- పాతది ఇంకా 30 రోజులు ఉండగానే కొత్తది తయారుచేయండి, 6 నెలల గడువు చాలు
- వాల్యూ నేరుగా కీ వాల్ట్‌లోకి, నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయకుండా
- వాడే ప్రతిచోటా మార్చండి, ఎక్కడెక్కడ వాడుతున్నారో రిజిస్టర్‌లో ఉండాలి
- ఒక రోజంతా నడవనివ్వండి, రాత్రి నడిచే పని కూడా ఒకసారి పూర్తవ్వాలి
- సైన్ ఇన్ లాగ్స్‌లో పాత సీక్రెట్ ఐడీతో ఎవరూ రావట్లేదని చూశాకే పాతది తీసేయండి

కుదిరితే సీక్రెట్ బదులు సర్టిఫికెట్ వాడండి. కాస్త పని ఎక్కువే గానీ చాట్‌లో పేస్ట్ అయ్యే వస్తువు కాదు కాబట్టి లీకయ్యే అవకాశం బాగా తక్కువ.

9. కస్టమర్ దగ్గర ఉద్యోగి చేరినా మానేసినా

చేరేటప్పుడు పెద్ద కష్టం లేదు. యూజర్‌కి యూసేజ్ లొకేషన్ (వాడే దేశం) పెట్టాలి, అది ఖాళీగా ఉంటే లైసెన్సు ఎక్కదు. బిజినెస్ ప్రీమియం ఉన్నవాళ్ళకి గ్రూప్ ద్వారా లైసెన్సు ఇచ్చే పద్ధతి పెట్టేస్తే హెచ్ఆర్ వాళ్ళే గ్రూప్‌లో కలిపి తీసేస్తారు, మీకు ఫోన్ రాదు.

మానేసినప్పుడు మాత్రం వరస చాలా ముఖ్యం. ఎక్కువమంది ముందు లైసెన్సు పీకేస్తారు, అది ఆఖర్లో చేయాల్సిన పని.

1) సైన్ ఇన్ బ్లాక్ చేయండి.
2) రివోక్ సెషన్స్ నొక్కండి. పాస్‌వర్డ్ మారిస్తే చాలదా అంటే, అప్పటికే చేతిలో ఉన్న యాక్సెస్ టోకెన్ గడువు తీరేదాకా కొన్ని యాప్స్‌లో పనిచేస్తూనే ఉంటుంది. అవుట్‌లుక్, టీమ్స్ లాంటివాటిలో త్వరగానే తెగిపోతుంది గానీ బయటి యాప్స్ సంగతి అలా కాదు.
3) పాస్‌వర్డ్ మార్చి, అతని ఫోన్ నంబర్, ఆథెంటికేటర్ తీసేయండి.
4) అతను స్వయంగా అనుమతి ఇచ్చిన యాప్స్ ఏమున్నాయో చూసి తీసేయండి.
5) మెయిల్‌బాక్స్‌ని షేర్డ్ మెయిల్‌బాక్స్‌గా మార్చండి. 50 జీబీ లోపు ఉంటే దానికి లైసెన్సు అక్కర్లేదు.
6) వన్‌డ్రైవ్ ఫైళ్ళు మేనేజర్‌కి అందాయా అని మేనేజర్ నోటితో చెప్పించుకోండి.
7) ఇప్పుడు లైసెన్సు తీయండి.

ఐదో మెట్టు వదిలేసి లైసెన్సు తీస్తే మెయిల్‌బాక్స్ 30 రోజులు ఉండి పోతుంది. యూజర్‌ని డిలీట్ చేసినా అంతే, 30 రోజుల్లోపు వెనక్కి తేవచ్చు, ఆ తర్వాత కుదరదు. కస్టమర్‌కి ఆ మెయిల్స్ గుర్తొచ్చేది సాధారణంగా రెండో నెలలో.

ఇంకొక మాట, యూజర్ నుంచి లైసెన్సు తీసినంత మాత్రాన బిల్లు తగ్గదు. ఆ సీటు ఖాళీగా ఉంటుంది, అంతే. కొత్తగా చేరేవాళ్ళకి దాన్నే ఇవ్వండి, కొత్త సీటు కొనేముందు ఖాళీ సీట్లు ఉన్నాయేమో చూడటం అలవాటు చేసుకోండి. కస్టమర్ చెప్పలేదు కదా అని కొత్తది అమ్మేయడం నాకు నచ్చదు, ఆ డబ్బు వాళ్ళ ఉద్యోగి జీతంలోంచి వస్తోంది.

10. డబ్బు కట్టని కస్టమర్

సస్పెండ్ చేస్తే మెయిల్ ఆగుతుంది గానీ మనకి డిస్ట్రిబ్యూటర్ బిల్లు ఆగదు, టర్మ్ అయ్యేదాకా వస్తూనే ఉంటుంది. కాబట్టి సస్పెండ్ అనేది ఒత్తిడి పెట్టడానికే తప్ప నష్టం ఆపడానికి కాదు. నష్టం ఆగాలంటే మొదటే జాగ్రత్త పడాలి: కొత్త కస్టమర్‌కి మొదటి మూడు నెలలు నెలవారీ టర్మ్, డబ్బు సమయానికి వస్తోందని తెలిశాక ఏడాదికి మార్చండి. లేదా ఏడాది మొత్తం ముందే తీసుకోండి.

హాస్పిటల్, స్కూల్ లాంటి చోట్ల సస్పెండ్ చేసేముందు రాతపూర్వకంగా 15 రోజుల నోటీసు ఇవ్వండి. డేటా వాళ్ళది, డౌన్‌లోడ్ చేసుకునే సమయం ఇవ్వడం మన బాధ్యత.

11. టోకెనో సీక్రెటో బయటపడితే

గిట్‌హబ్‌లో పడిందనో, టెక్నీషియన్ ల్యాప్‌టాప్ పోయిందనో తెలిసిన క్షణం నుంచి:

- ఆ సీక్రెట్ డిలీట్ చేయండి, ఇక్కడ 30 రోజుల వరస లేదు, పని ఆగినా ఫర్వాలేదు
- ఆ ఖాతా సెషన్లు రివోక్, పాస్‌వర్డ్ మార్పు
- ఆ యాప్‌కి ఏయే కస్టమర్లలో అనుమతి ఉందో లిస్టు తీయండి
- సైన్ ఇన్ లాగ్స్, ఆడిట్ లాగ్స్ వెంటనే ఎగుమతి చేసి దాచండి
- కొత్త యాప్స్, కొత్త అడ్మిన్లు, మెయిల్ ఫార్వర్డింగ్ రూల్స్ ఏమైనా పుట్టాయేమో చూడండి
- కస్టమర్‌కి అదే రోజు చెప్పండి, తెలిసినంత చెప్పండి

సెర్ట్-ఇన్ (సైబర్ భద్రత చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థ) 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం ఇలాంటి ఘటన తెలిసిన 6 గంటల్లో రిపోర్టు చేయాలి, లాగ్స్ 180 రోజులు ఉంచాలి. ఎంట్రా (సైన్ ఇన్‌లు చూసుకునే మైక్రోసాఫ్ట్ సర్వీసు) సైన్ ఇన్ లాగ్స్ ఫ్రీ టెనెంట్‌లో 7 రోజులు, పీ1 అనే దాని పెయిడ్ ప్లాన్ ఉంటే 30 రోజులే ఉంటాయి. అంటే ఏమీ చేయకపోతే 180 రోజుల నిబంధన మనం పాటించనట్టే. స్టోరేజ్ అకౌంట్‌కి లాగ్స్ వెళ్ళేలా ముందే పెట్టుకోండి, చిన్న టెనెంట్లకి ఖర్చు పెద్దగా ఉండదు.

12. మన టెక్నీషియన్ మానేస్తే, కస్టమర్ వేరే రీసెల్లర్‌కి వెళ్తే

టెక్నీషియన్ విషయంలో సెక్యూరిటీ గ్రూపుల్లోంచి తీసేస్తే అందరి కస్టమర్ల టెనెంట్లలో అతని యాక్సెస్ ఒకేసారి పోతుంది, గ్రూపులు పెట్టుకున్నందుకు లాభం ఇదే. కానీ అతను చూసిన సీక్రెట్లు అతనికి గుర్తుంటాయి లేదా ఎక్కడో సేవ్ అయి ఉంటాయి, అవన్నీ ఆ వారంలోనే మార్చేయండి. మంచిగా మానేసినా మార్చండి, అతని మీద అనుమానం రాకుండా ఉండటానికి కూడా అదే మంచిది.

కస్టమర్ వెళ్ళిపోతుంటే కోపంతో యాక్సెస్ పట్టుకుని కూర్చోవద్దు. సబ్‌స్క్రిప్షన్ని కొత్త పార్ట్‌నర్‌కి ట్రాన్స్‌ఫర్ చేసే పద్ధతి ఉంది, వాళ్ళు రిక్వెస్ట్ పెడితే మనం ఒప్పుకోవాలి. బాకీ ఉంటే ఆ మాట ముందే మాట్లాడుకుని తేల్చుకోండి, మెయిల్ అడ్డం పెట్టి కాదు. తర్వాత ఈ లిస్టు కస్టమర్ వైపు మనిషిని పక్కన కూర్చోపెట్టుకుని చేయండి:

- వాళ్ళ గ్లోబల్ అడ్మిన్, రెండు అత్యవసర ఖాతాలు వాళ్ళ చేతిలో పనిచేస్తున్నాయి
- డొమైన్ రిజిస్ట్రార్ లాగిన్ వాళ్ళకి ఇచ్చాం
- మన యాప్స్ వాళ్ళ ఎంటర్‌ప్రైజ్ అప్లికేషన్స్‌లోంచి తీసేశాం
- వాళ్ళ యాప్స్ సీక్రెట్లు కొత్తవి వాళ్ళే తయారుచేసుకున్నారు, మనం చూడలేదు
- జీడ్యాప్ ముగించాం
- రీసెల్లర్ సంబంధం తీసేశాం, అది ట్రాన్స్‌ఫర్ పూర్తయ్యాకే
- బ్యాకప్ కాపీ మన దగ్గర ఉంటే అప్పగించి, మన దగ్గరది చెరిపేసి, చెరిపేశామని మెయిల్ పెట్టాం
- రిజిస్టర్‌లో ఆ కస్టమర్ వరసలన్నీ తేదీ వేసి మూసేశాం